మాల తీశాక ఏమవుతుంది?

కార్తీకం వస్తే తెలుగు ఊళ్లలో నల్లబట్టలు కనిపించడం మొదలవుతుంది. రోజుకో పెట్టె సిగరెట్లు తగలేసేవాళ్లు, పొద్దుగూకితే మందు పడనిదే ఉండలేనివాళ్లు కూడా గురుస్వామి చేత మెడలో మాల వేయించుకుని 41 రోజులు వాటి జోలికి పోరు. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, కటిక నేల మీద పడక, చెప్పుల్లేని నడక. మొన్నటిదాకా ‘మానడం నా వల్ల కాదు’ అన్న మనిషే ఇదంతా చేస్తాడు. శబరిమల వెళ్లొచ్చి మాల తీశాక మాత్రం చాలామంది మళ్లీ మొదటికే వస్తారు. ‘వాడికి మనోబలం లేదు’ అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. మరి 41 రోజులు ఉన్న బలం 42వ రోజుకి ఎక్కడికి పోయినట్టు?

భక్తి ఇచ్చే బలాన్ని ఎవరూ కాదనలేరు. దానితోపాటు దీక్ష మనిషి చుట్టూ ఎలాంటి ఏర్పాటు చేస్తుందో చూడాలి. మాల పడ్డ క్షణం నుంచి భార్యాపిల్లలతో సహా అందరూ అతన్ని ‘స్వామీ’ అనే పిలుస్తారు. పార్టీలకు పిలిచే మిత్రులు ఆ నెలన్నర పిలవరు. నల్లబట్టలతో కిళ్లీకొట్టు ముందు నిలబడి సిగరెట్ అడగడానికి నోరు రాదు. ఒకవేళ అడిగినా, ‘ఏంటి స్వామీ ఇది!’ అంటాడు కొట్టాయన. సాయంత్రం ఏడింటికి, సరిగ్గా మందు గుర్తొచ్చే వేళకు, పీఠం దగ్గర పూజ, భజన ఉంటాయి. రోజంతా తనతో తాను పోట్లాడుకునే పని అలా చాలావరకు తప్పిపోతుంది. మాల తీసిన రోజు ఆ ఏర్పాటంతా ఒక్కసారే తొలగిపోతుంది.

మనస్తత్వ శాస్త్రవేత్తలు మనోబలాన్ని చాలాకాలం వేరేలా చూశారు. 1998లో అమెరికాలో రాయ్ బామైస్టర్ బృందం ఆకలితో వచ్చిన విద్యార్థుల ముందు అప్పుడే కాల్చిన చాక్లెట్ బిస్కెట్లు, ముల్లంగి దుంపలు పెట్టి, కొందరిని ముల్లంగి మాత్రమే తినమంది. తర్వాత అందరికీ పరిష్కారం లేని పజిల్ ఇచ్చారు. బిస్కెట్లు తిన్నవాళ్లు దాదాపు 19 నిమిషాలు ప్రయత్నిస్తే, నోరు కట్టుకున్నవాళ్లు ఎనిమిది నిమిషాలకే వదిలేశారు. నిగ్రహం కండలాంటిదని, వాడేకొద్దీ అలసిపోతుందని అప్పటినుంచి పుస్తకాలన్నీ చెప్పాయి. 2016లో 23 ప్రయోగశాలలు రెండు వేలకు పైగా మందితో ఈ సిద్ధాంతాన్ని పరీక్షిస్తే ఆ అలసట దాదాపు కనిపించనే లేదు. మరుసటి ఏడాది కృష్ణ సావని, వెరోనికా జాబ్ ప్రచురించిన పరిశోధన మనకు ఇంకా దగ్గరిది. అందులో పాల్గొన్న భారతీయులు ముందు కష్టమైన పని చేశాక తర్వాతి పనిని మరింత బాగా చేశారు. నిగ్రహం ఒంట్లో సత్తువను పెంచుతుందనే నమ్మకం మన సమాజంలో బలంగా ఉండటమే కారణమని వాళ్లు వివరించారు. ఉపవాసాలు, నోములు చూస్తూ పెరిగినవాళ్లకు ఇదేమీ వింతగా అనిపించదు.

నిగ్రహం గలవాళ్లు నిజంగా ఏం చేస్తారు? 2012లో విల్‌హెల్మ్ హాఫ్‌మన్ బృందం జర్మనీలో 205 మందికి ఫోన్లిచ్చి, వారం పాటు ‘ఇప్పుడు మీకేం కావాలనిపిస్తోంది?’ అని మధ్యమధ్యలో అడిగింది. నిగ్రహం ఎక్కువని తేలినవాళ్లకు కోరికలతో పెనుగులాడే సందర్భాలే తక్కువగా వచ్చాయి. అసలు ఆ చిక్కులో పడకుండా బతుకును అమర్చుకోవడంలోనే వాళ్ల నేర్పు ఉందన్నమాట.

ఈ సంగతి నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకు ఏ పరిశోధనా చెప్పనక్కర్లేకపోయింది. అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని మాట్లాడుకున్న ఆ తల్లులు సారా కొట్టునే ఊళ్లోంచి తరిమేశారు. 1992లో ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. మగవాళ్ల మనోబలం పెరిగేదాకా ఆగి ఉంటే ఎన్ని సంసారాలు మునిగేవో!

మాల తీశాక కూడా అలాంటి అమరిక కొంతైనా మిగలాలి. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఒక కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పడుతుంది. కొందరికి 18 రోజులే చాలు, కొందరికి 254 రోజులు పట్టవచ్చని లెక్కతేలింది. 41 రోజులు మంచి ఆరంభమే అయినా చాలామందికి సరిపోదు. మధ్యలో ఒక రోజు తప్పితే పునాది కూలిపోదనీ ఆ అధ్యయనమే చెప్పింది. అందుకే ఒక్క పెగ్గుతో ‘ఇక అయిపోయింది’ అనుకోవడం అన్యాయం. సాయంత్రం ఏడింటి భజన పోయిన చోట నడకో, షటిలో, పిల్లల చదువో ముందే ఖాయం చేసుకోవాలి. ‘ఫలానా మిత్రుడు పిలిస్తే ఈ మాట చెప్తాను’ అని ముందుగా అనుకున్నవాళ్లు ఉత్తి సంకల్పంతో ఉన్నవాళ్లకన్నా మాట నిలబెట్టుకోగలరని జర్మన్ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చూపాయి.

ఒక్క విషయంలో మాత్రం ఈ ఏర్పాట్లను నమ్ముకుని ఊరుకోకూడదు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం, ఫిట్స్ రావడం జరగవచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. అలాంటివాళ్లు మాల వేసుకునే ముందే డాక్టర్ని కలవాలి. మత్తు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 14446 నంబరుతో ఉచిత సహాయ కేంద్రం నడుపుతోంది. ఇంట్లోవాళ్లు కూడా ఫోన్ చేసి సలహా అడగవచ్చు.