చెరువు నడుమ బొంగరంలా తిరిగే పిట్ట

వానలు వెనకబట్టాక హైదరాబాద్‌లో ఏ పార్కు చెరువు గట్టునైనా కాసేపు నిలబడండి. నీటి అంచున తోక ఆడించుకుంటూ నడిచే చిన్న పిట్టలు కనిపిస్తాయి. వీటిని ఉల్లంకి పిట్టలంటాం. బురదలో ముక్కు గుచ్చి పురుగులు ఏరుకుంటాయి. చలికాలం గడపడానికి ఉత్తర దేశాల నుంచి ఏటా వచ్చేవే వీటిలో ఎక్కువ. వాటిని చూడటం మామూలే. కానీ అలాంటి పిట్టే ఒకటి ఒడ్డు వదిలేసి, చెరువు నడిమధ్య బాతులా తేలుతూ కనిపిస్తే మాత్రం ఆగి చూడాలి.

కొత్తవాళ్లు ముందు రంగు చూస్తారు. తడబడేది అక్కడే. రంగు వెలుతురును బట్టి, వయసును బట్టి, కాలాన్ని బట్టి మారిపోతుంది. నడవడి అంత తేలిగ్గా మారదు. కాబట్టి ముందు అదేం చేస్తోందో చూడండి. నీళ్ల మీద బెండుముక్కలా తేలుతోందా? బుడుబుంగలా మునగకుండా పైనే ఉంటోందా? ఉన్నచోటే గిర్రున తిరుగుతూ, ఆ తిరగడంలోనే చకచకా నీటిని పొడుస్తోందా? అయితే అది దాదాపు ఖాయంగా ఫెలరోప్. ఉల్లంకుల కుటుంబంలో పుట్టి ఈత నేర్చిన పిట్ట ఇది. ఆ పేరుకు గ్రీకు మూలంలో ‘బొల్లికోడి పాదం’ అని అర్థం. బొల్లికోడికి ఉన్నట్టే దీని కాలివేళ్ల పక్కన కూడా చిన్న చిన్న చర్మపు రెక్కలుంటాయి. తెడ్డుకు బదులు అవే.

ఇప్పుడు రూపం చూద్దాం. బరువు సుమారు 35 గ్రాములు. సూదిలా సన్నని నల్లని ముక్కు. చలికాలంలో పొట్ట తెలుపు, వీపు లేత గీతలున్న బూడిద రంగు, కంటి వెనక చెరిగిన కాటుకలా నల్లని మచ్చ. దీని పూర్తి పేరు ఎర్రమెడ ఫెలరోప్. మన దగ్గర కనిపించే నెలల్లో సాధారణంగా ఆ ఎరుపు ఉండదు. అది గూడు పెట్టే కాలపు అలంకారం. దానిలోనూ ఆడదే మగదానికన్నా మెరుస్తుంది. గుడ్లు పొదిగేది, పిల్లల్ని కాచేది మగది. దీని చుట్టం ఇంకొకటి ఉంది. దాని ముక్కు కాస్త మందం, వీపు గీతల్లేని బూడిద. మన దేశంలో అది మరీ అరుదు. అందుకే ఫొటో తీసేటప్పుడు ముక్కు పక్క నుంచి స్పష్టంగా కనబడాలి.

సముద్రపు పిట్టకు ఊరి చెరువులో పనేమిటి? ఇది ఉత్తర ధ్రువానికి దగ్గర్లోని టుండ్రా (చెట్లు పెరగని మంచు నేల) మీద గుడ్లు పెడుతుంది. చలికాలమంతా నడి సముద్రంలోనే తేలుతూ గడుపుతుంది. అలా చేరే చోట్లలో అరేబియా సముద్రం ముఖ్యమైనది. ఈ రెంటి మధ్య వేల కిలోమీటర్ల నేల ఉంది. దారిలో అలసిపోయినా, ఎదురుగాలి తగిలినా కింద మెరిసే ఏ నీరైనా దానికి మజిలీయే. ఒక రోజో రెండు రోజులో తిని, ఒంట్లో కొవ్వు చేరాక వెళ్లిపోతుంది.

ఇక ఆ గిరగిర సంగతి. ఇది ఆట కాదు, వంట. సెకనుకు ఇంచుమించు ఒక చుట్టు తిరుగుతూ, కాళ్లతో పైనీటిని బయటికి నెడుతుంది. ఆ ఖాళీని నింపడానికి అడుగునున్న నీరు పైకి వస్తుంది. కవ్వం తిప్పితే వెన్న పైకి తేలినట్టు, ఆ నీటితో చిన్న చిన్న పురుగులు పైకొస్తాయి. 1996లో అమెరికా పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు.

పురుగు పైకొచ్చాక నోట్లోకి చేరేదెలా? నీటిని పొడిచేటప్పుడు ముక్కు చివర కింద ఉంటుంది, గొంతు పైన ఉంటుంది. పీల్చడానికి ఆ ముక్కు పనికిరాదు. 2008లో మను ప్రకాశ్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి సమాధానం చెప్పారు. పురుగున్న నీటి చుక్క ముక్కు రెండు దవడల మధ్య పట్టుబడుతుంది. పిట్ట ముక్కును చిటికెలు వేసినట్టు కాస్త తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ప్రతిసారీ చుక్క ఒక మెట్టు పైకి జరుగుతుంది, వెనక్కి జారదు. తలతన్యత (నీటి పైపొర బిగువు) వల్లే ఇది సాధ్యం.

మన ఊరి చెరువుల విషయం ఇక్కడే వస్తుంది. సబ్బునీరు, నూనె కలిస్తే ఆ బిగువు సడలుతుంది, ముక్కుకు నీరు అంటుకునే తీరు మారిపోతుంది. ఆ పరిశోధకులే ఈ ప్రమాదాన్ని ఎత్తిచూపారు. డ్రైనేజీ నురగ కమ్మిన చెరువులో పురుగులు బోలెడున్నా, నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోవచ్చు. మురుగు కలిసిందంటే మనం ముక్కు మూసుకుంటాం. ఈ పిట్టకు మాత్రం అది ఆకలి సమస్య. నాకు అన్నిటికన్నా బాధనిపించేది ఇదే.

అది కనబడితే తేదీ, సమయం, చోటు రాసుకోండి. ఫొటోలు, వీలైతే తిరుగుతున్న వీడియో తీసి పక్షులు చూసే అలవాటున్నవారికి చూపించండి. ఒక్క జాగ్రత్త. మనుషులు అరుదుగా తిరిగే నేల మీద పుట్టిన పిట్ట కనుక దీనికి మనమంటే బెదురు తక్కువ. దగ్గరికెళ్లినా ఎగరకపోవచ్చు. అయినా గట్టు దిగకండి. పక్కన కుక్క ఉంటే గొలుసు పట్టుకోండి. తెల్లారి మీరొచ్చేసరికి అక్కడ లేకపోతే, కడుపు నిండి బయల్దేరిందనే అనుకోవచ్చు.