హెచ్‌ఐవీ మందు: ఊళ్లో చెప్పేదొకటి, వైద్యం చెప్పేదొకటి

శెనక్కాయ పంట ఎండిపోయిన ఏడు అనంతపురం పల్లెల్లో కుటుంబాలకు కుటుంబాలే కూలి వెతుక్కుంటూ బెంగళూరు బస్సెక్కుతాయి. ఆ మూటల్లో కొన్నింట్లో బట్టల మడతల మధ్య ఒక ప్లాస్టిక్ సీసా ఉంటుంది. ఎవరి కంటా పడకూడదని దాని లేబుల్ చించేసి ఉంటుంది. అందులో ఉండేవి రోజుకొకటి చొప్పున వేసుకోవాల్సిన హెచ్‌ఐవీ మాత్రలు. మన దేశంలో ప్రభుత్వం ఈ మందును ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. మందు దొరుకుతోంది. దాన్ని మధ్యలో మాన్పించేస్తున్నది మాత్రం ఊళ్లో నోటినోటా తిరిగే మాటలు.

అపోహ: వలస పోయిన చోట మందు దొరకదు, తిరిగొచ్చాక మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. బెంగళూరులోనూ హెచ్‌ఐవీ మందు ఇచ్చే ఏఆర్‌టీ కేంద్రాలున్నాయి, అక్కడా మందు ఉచితమే. బయల్దేరే ముందు మీ కేంద్రంలో ఒక్క మాట చెప్పండి. ఆరోగ్యం కుదురుగా ఉన్నవారికి ఒక నెలకు మించి మందు ఇచ్చే ఏర్పాటుంది. ఎక్కువ కాలం ఉండేలా ఉంటే అక్కడి కేంద్రానికి బదిలీ చేస్తారు. మీ చికిత్స వివరాలుండే గ్రీన్ బుక్ మాత్రం వెంట ఉండాలి. మధ్యలో ఎందుకు ఆపకూడదంటే, ఈ మందు వైరస్‌ను చంపదు, పెరగనివ్వదు అంతే. కొన్ని కణాల్లో అది నక్కే ఉంటుంది. మాత్ర ఆపితే వారాల్లోనే రక్తంలోకి తిరిగొస్తుంది. మానుతూ వేస్తూ ఉంటే మందుకు లొంగని వైరస్ తయారవుతుంది. విరామాలిస్తూ మందు వాడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి 33 దేశాల్లో 5 వేల మందికి పైగా రోగులతో ‘స్మార్ట్’ అనే పరిశోధన చేశారు. విరామం తీసుకున్నవారిలో జబ్బులు, చావులు ఎక్కువయ్యాయి. దాంతో 2006లో దాన్ని మధ్యలోనే ఆపాల్సి వచ్చింది.

అపోహ: మందు వేడి, కడుపు నిండా తినని రోజు వేసుకోకూడదు.

వాస్తవం: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన ఇప్పటి మాత్రను తిన్నా తినకున్నా వేసుకోవచ్చు. సంకటి ముద్ద దొరకని పూట కూడా మానక్కర్లేదు. గతంలో వాడిన ఎఫావిరెంజ్‌తో కొందరికి తల తిరిగేది, పీడకలలు వచ్చేవి. ఆ భయం ఇంకా పోలేదు. నిజంగా జాగ్రత్త పడాల్సింది వేరే చోట ఉంది. గ్యాస్‌కు యాంటాసిడ్ మందు వాడేవాళ్లు దానికి 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో ఈ మాత్ర వేసుకోవాలి. గర్భిణులకిచ్చే ఐరన్, కాల్షియం మాత్రలకూ ఇదే లెక్క, భోజనంతో కలిపి వేసుకుంటే తప్ప. టీబీ మందు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి, డోలుటెగ్రావిర్ మోతాదు పెంచాల్సి ఉంటుంది.

అపోహ: ఈ రోజు మరిచిపోతే రేపు రెండు వేసుకుంటే సరి.

వాస్తవం: వద్దు. గుర్తొచ్చిన వెంటనే ఆ ఒక్కటీ వేసుకోండి. మరుసటి మాత్ర వేళ దగ్గరపడితే దాన్నే వేసుకోండి.

అపోహ: పరీక్షలో వైరస్ కనబడలేదంటే జబ్బు పోయినట్టే.

వాస్తవం: పోలేదు, అణిగి ఉంది. మాత్ర వేస్తున్నంత కాలమే అణిగి ఉంటుంది. అయితే ఇందులో గొప్ప ఊరట ఉంది. వైరల్ లోడ్ కనబడని స్థాయిలో నిలిచినంత కాలం లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి వైరస్ సోకదు. యూరప్‌లో జరిగిన ‘పార్ట్‌నర్’ అధ్యయనంలో అలాంటి జంటల మధ్య ఒక్కరికీ సోకలేదు. గర్భిణి క్రమం తప్పక మందు వాడి, బిడ్డకూ డాక్టరు చెప్పిన మందు వేస్తే, బిడ్డను వైరస్ నుంచి కాపాడుకోవచ్చు. ఈ సంగతి ప్రతి పల్లెకూ చేరాలి.

ఆకు పసరుతో హెచ్‌ఐవీ నయం చేస్తామనేవారు అన్ని చోట్లా ఉన్నారు. ఏ పసరూ ఇంతవరకు దాన్ని నయం చేయలేదు. వాళ్లు మాత్ర మానమన్న రోజే ప్రమాదం మొదలవుతుంది.

ఇక ఆ సీసా సంగతి. జనం చూస్తారని మాత్రలను కాగితంలో పొట్లం కట్టుకోవద్దు. సీసాలోని చిన్న పొట్లం తేమను పీల్చి మందును కాపాడుతుంది. 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో సీసాను మూత బిగించి నీడపట్టున, చల్లని చోట పెట్టాలి. నలుగురికీ తెలుస్తుందన్న భయానికి చట్టం అండ ఉంది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా మీ స్థితిని బయటపెట్టడం, హెచ్‌ఐవీ ఉందని వివక్ష చూపి పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. మందు ఆగిపోయి ఎన్నాళ్లయినా సరే, సిగ్గుపడకుండా మళ్లీ కేంద్రానికి వెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1097కు ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు.