జీప్: రూపం, పేరు, వారసత్వం – ఒక వాహన బ్రాండు పరిణామ పరిశీలన

వ్యాససంగ్రహం

రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం అవసరాల కోసం పుట్టిన ఒక చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం క్రమంగా ‘జీప్’ అనే బ్రాండుగా స్థిరపడింది. ఎనభై ఏళ్లకు పైబడిన కాలంలో ఆ బ్రాండు అనేక యాజమాన్యాల చేతులు మారింది. ఇంజను, చాసిస్, స్ప్రింగులు, చక్రాలకు శక్తిని పంపే విధానం అన్నీ మారాయి. అయినా అది ‘అదే వాహనం’ అన్న భావన కొనసాగుతూనే ఉంది. ఈ కొనసాగింపునకు ఆధారం ఏమిటి? పలువురి శ్రమతో, ప్రజాధనంతో రూపొందిన ఒక ఆకృతిపై హక్కు ఎవరిది? ఈ రెండు ప్రశ్నల వెలుగులో జీప్ పరిణామాన్ని, దాని భారతీయ శాఖను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జీప్, విల్లీస్, మహీంద్రా, ఫోర్ వీల్ డ్రైవ్, వాణిజ్య చిహ్నం, రూపకల్పన చరిత్ర.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘జీపు’ సామాన్యనామం. పోలీసు జీపు, అటవీశాఖ జీపు, ఎన్నికల ప్రచార జీపు అన్నప్పుడు ఆ వాహనాన్ని ఏ కంపెనీ తయారుచేసిందన్న స్పృహ మాట్లాడేవారికి ఉండదు. ‘కారు’, ‘రైలు’ మాదిరిగానే ఈ ఆదానపదం కూడా ఉకారాంతమై, బహువచనంలో ‘జీపులు’గా మారి, తెలుగు నామవాచకాల వరుసలో కలిసిపోయింది. అమెరికాలో మాత్రం ఇదే పదం నమోదైన వాణిజ్య చిహ్నం. ఒక చోట అందరి మాట, మరొక చోట ఒకరి ఆస్తి. ఈ ద్వంద్వస్థితి యాదృచ్ఛికం కాదు. దాని మూలాలు వాహనం పుట్టుకలోనే ఉన్నాయి. ఈ వ్యాసంలో బ్రాండును ‘జీప్’ అనీ, ఆ తరహా వాహనాన్ని ‘జీపు’ అనీ వ్యవహరిస్తున్నాం.

2. పుట్టుక: ఒక టెండరు, మూడు కంపెనీలు

1940 వేసవిలో అమెరికా సైన్యం 135 తయారీసంస్థలకు ఒక ఆహ్వానం పంపింది. గుర్రాలు, మోటారు సైకిళ్లు చేసే పనిని చేయగల తేలికైన వాహనం కావాలన్నది అందులోని సారాంశం. ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ అందాలి. బరువు 1300 పౌండ్లు, అంటే దాదాపు 590 కిలోలు మించకూడదు. నమూనా వాహనాన్ని 49 రోజుల్లో అందించాలి. ఈ షరతులకు ముందుకు వచ్చినవి రెండే సంస్థలు: పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బట్లర్‌కు చెందిన అమెరికన్ బ్యాంటమ్, ఒహాయో రాష్ట్రంలోని టొలీడోకు చెందిన విల్లీస్-ఓవర్‌లాండ్.

గడువుకు కట్టుబడినది ఆర్థికంగా చితికిపోయి ఉన్న బ్యాంటమ్ ఒక్కటే. కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరు సారథ్యంలో రూపొందిన దాని నమూనా 1940 సెప్టెంబరు 23న మేరీలాండ్‌లోని హోలబర్డ్ సైనిక శిబిరానికి చేరింది. బరువు పరిమితిని మాత్రం అది దాటింది. తర్వాత సైన్యమే ఆ పరిమితిని 2160 పౌండ్లకు పెంచవలసి వచ్చింది. బ్యాంటమ్ చిన్న సంస్థ కావడంతో, కావలసినన్ని వాహనాలను అది అందించలేదని సైన్యం అనుమానించింది. దాని నమూనాను పరిశీలించే అవకాశాన్ని విల్లీస్‌కు, ఫోర్డ్‌కు కూడా కల్పించింది. ఆ రెండు సంస్థలూ తమ తమ నమూనాలతో వచ్చాయి. తొలి దశలో మూడింటికీ 1500 చొప్పున వాహనాలకు ఆర్డర్లు లభించాయి.

1941 జూలైలో 16,000 వాహనాల ప్రధాన ఒప్పందం విల్లీస్‌కు దక్కింది. ధర ఒక్కొక్కటి 748.74 డాలర్లు. బార్నీ రూస్ తీర్చిదిద్దిన 60 హార్స్‌పవర్ ‘గో డెవిల్’ ఇంజను విల్లీస్‌కు ప్రధాన బలం. అవసరం పెరగడంతో విల్లీస్ నమూనా ప్రకారమే ఫోర్డ్ కూడా తయారీ మొదలుపెట్టింది. యుద్ధం ముగిసేనాటికి విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకు పైగా వాహనాలను అందించాయి. మొదటి నమూనాను రూపొందించిన బ్యాంటమ్ మూడు వేలలోపు వాహనాలతోనే ఆగిపోయి, ట్రైలర్ల తయారీకి పరిమితమైంది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. తర్వాతి కాలంలో జీపు ముఖచిహ్నంగా ప్రసిద్ధమైన, రేకును నిలువు చీలికలుగా కోసి చేసిన గ్రిల్ విల్లీస్ ఆలోచన కాదు. తొలి విల్లీస్ వాహనాలకు కడ్డీలను వెల్డింగు చేసిన గ్రిల్ ఉండేది. తేలికగా, చౌకగా తయారయ్యే రేకు గ్రిల్‌ను ప్రవేశపెట్టింది ఫోర్డ్. తర్వాత విల్లీస్ దానిని స్వీకరించింది. అంటే సమగ్ర రూపానికి తొలి ఆకృతి బ్యాంటమ్‌ది, ఇంజను విల్లీస్‌ది, ముఖం ఫోర్డ్‌ది, నిర్దేశాలూ వ్యయమూ ప్రభుత్వానివి.

3. పేరుపై పోటీ

‘జీప్’ అనే పేరు ఎలా వచ్చిందన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. ‘జనరల్ పర్పస్’ అనే మాటల తొలి అక్షరాలైన ‘జీ-పీ’ నుంచి వచ్చిందన్నది బాగా ప్రచారంలో ఉన్న వివరణ. అయితే ఫోర్డ్ సంకేతనామంలోని ‘జీ’ ప్రభుత్వ ఒప్పందాన్ని, ‘పీ’ 80 అంగుళాల వీల్‌బేస్‌ను సూచించే అక్షరాలు మాత్రమే. పొపాయ్ చిత్రకథల్లో 1936లో కనిపించిన ‘యూజీన్ ద జీప్’ అనే విచిత్రజంతువు ప్రభావం ఉండవచ్చన్నది రెండో వివరణ. సైనికుల వ్యవహారంలో ఈ మాట అంతకుముందే వేర్వేరు అర్థాల్లో ఉండేది. 1941 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ భవనం మెట్లపైకి విల్లీస్ వాహనాన్ని ఎక్కించి చూపారు. ఆ ప్రదర్శనపై వెలువడిన పత్రికాకథనంతో పేరు జనబాహుళ్యంలోకి వెళ్లింది.

అందరి నోటా ఉన్న ఈ మాటను విల్లీస్ తన సొంతం చేసుకోవడానికి 1943లో వాణిజ్య చిహ్నంగా నమోదు కోరింది. జీపును సృష్టించినది తామేనని ప్రకటనల్లో చాటుకుంది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీనిపై విచారణ జరిపి, ఆ భావన బ్యాంటమ్ సంస్థ, కొందరు సైనికాధికారుల కృషితో మొదలైందని 1948లో తేల్చింది. సృష్టికర్తగా చెప్పుకోరాదని విల్లీస్‌ను ఆదేశించింది. అయినా 1950లో ‘జీప్’ విల్లీస్ పేరిటే నమోదైంది. సృష్టికర్త గౌరవం నిరాకరించిన సంస్థకే పేరుపై హక్కు లభించిందన్నమాట. కర్తృత్వం వేరు, యాజమాన్యం వేరు అనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు.

4. యుద్ధభూమి నుంచి పొలానికి

1945లో వచ్చిన ‘సీజే-2ఏ’ పౌరుల కోసం తయారైన మొదటి భారీ శ్రేణి నమూనా. ‘సీజే’ అంటే ‘సివిలియన్ జీప్’. యుద్ధకాలపు తొమ్మిది చీలికల గ్రిల్ స్థానంలో ఏడు చీలికలు, పెద్ద హెడ్‌లైట్లు, వెనుక తెరుచుకునే తలుపు వచ్చాయి. దీనిని రైతు పనిముట్టుగా ప్రచారం చేశారు. నాగలి లాగడానికి, ఇంజను శక్తితో ఇతర యంత్రాలను తిప్పడానికి తగిన అమరికలు ఇచ్చారు.

ఈ దశలో వాహనం పనితీరు సరళం. నిచ్చెన ఆకారపు ఉక్కు చాసిస్, ముందూ వెనుకా గట్టి ఇరుసులు, వాటిపై కమాను పట్టీలు. గేర్‌బాక్సుకు తోడుగా ఉండే ట్రాన్స్‌ఫర్ కేస్ శక్తిని రెండు ఇరుసులకు పంచుతుంది. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. రెండు ఇరుసులూ ఒకే వేగంతో బంధించి ఉంటే, గట్టి తారురోడ్డుపై టైర్లు జారే వీలు లేక యంత్రభాగాలపై ఒత్తిడి పడుతుంది. అందుకే బురదలో, ఇసుకలో మాత్రమే లివరు వేసి ముందు ఇరుసును కలపాలి. అంటే నడిపేవాడికి నేల గుణం తెలిసి ఉండాలి. తొలి జీప్ ఒక వాహనం మాత్రమే కాదు, నైపుణ్యాన్ని కోరే పనిముట్టు.

5. చేతులు మారిన బ్రాండు, మారిన యంత్రం

1953లో కైజర్ సంస్థ విల్లీస్‌ను కొనుగోలు చేసింది. 1955 నమూనాగా వచ్చిన ‘సీజే-5’ 1983 వరకు ఉత్పత్తిలో నిలిచింది. 1962లో ‘వాగనీర్’ రాకతో ఫోర్ వీల్ డ్రైవ్ కుటుంబ ప్రయాణంలోకి అడుగుపెట్టింది. 1970లో బ్రాండు అమెరికన్ మోటార్స్ చేతికి వచ్చింది. ఆ సంస్థ 1973 నమూనాలతో ‘క్వాడ్రా-ట్రాక్’ వ్యవస్థను ప్రవేశపెట్టింది. రెండు ఇరుసుల మధ్య వేగభేదానికి వీలిచ్చే డిఫరెన్షియల్ ఉండడంతో, ఏ రోడ్డుపైనైనా నిరంతరం నాలుగు చక్రాలకూ శక్తి అందింది. లివరు వేయవలసిన అవసరం పోయింది. నైపుణ్యం మనిషి చేతి నుంచి యంత్రంలోకి మారడం ఇక్కడే మొదలైంది.

1984 నాటి ‘చెరోకీ’ రెండో పెద్ద మలుపు. విడి చాసిస్‌కు బదులు, బాడీ, చాసిస్ ఏకఖండంగా కలిసిన నిర్మాణం అందులో ఉంది. బరువు తగ్గింది, నగరవినియోగం పెరిగింది. 1987లో క్రైస్లర్ సంస్థ అమెరికన్ మోటార్స్‌ను కొన్నది. ఆ కొనుగోలులో అత్యంత విలువైన ఆస్తి జీప్ పేరే. తర్వాత 1998లో డైమ్లర్, 2007లో సెర్బరస్, 2009 నుంచి ఫియట్, 2021 నుంచి స్టెలాంటిస్ దీని యజమానులయ్యారు. 2014లో వచ్చిన ‘రెనిగేడ్’ ఇటలీలోని మెల్ఫీలో, ఫియట్ వాహనంతో ఉమ్మడిగా రూపొందిన నిర్మాణంపై తయారైంది. దానికీ ఏడు చీలికల గ్రిల్, గుండ్రని హెడ్‌లైట్లు ఉన్నాయి.

‘సీజే’ వరుసకు వారసునిగా 1986లో ‘రాంగ్లర్’ వచ్చింది. దానికి చతురస్రాకారపు హెడ్‌లైట్లు పెట్టడం అభిమానులకు రుచించలేదు. 1997 నమూనాలో గుండ్రని హెడ్‌లైట్లు తిరిగి వచ్చాయి. అదే నమూనాలో కమాను పట్టీలు పోయి కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. ఈ రెండు మార్పులూ ఒకేసారి జరగడం అర్థవంతం. లోపలి యంత్రం ఎంత దూరం జరిగితే, బయటి చిహ్నాలు అంత గట్టిగా పాతదానిని పట్టుకున్నాయి.

6. భారతీయ శాఖ

1945లో ఉక్కు వ్యాపార సంస్థగా మొదలై, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకున్న సంస్థ 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపును ప్రారంభించింది. విడిభాగాల దిగుమతితో మొదలైన పని క్రమంగా స్థానిక తయారీగా ఎదిగింది. అమెరికాలో ‘సీజే-3బీ’ ఉత్పత్తి 1968లో ఆగిపోయినా, కుడివైపు స్టీరింగుతో దాని భారతీయ రూపాలు ఆ తర్వాత దశాబ్దాలపాటు కొనసాగాయి. డీజిల్ ఇంజన్లు, పొడవు పెంచిన బాడీలు వచ్చి చేరాయి. ప్రభుత్వశాఖల వాహనంగానే కాక, బస్సు చేరని ఊళ్లకు మనుషులను చేరవేసే వాహనంగానూ అది స్థిరపడింది. తెలుగులో ‘జీపు’ సామాన్యనామం కావడానికి భూమిక ఇదే. మన ప్రాంతానికి ఆ మాట బ్రాండుగా కాక, బతుకు అవసరంగా వచ్చింది.

అమెరికన్ బ్రాండుగా ‘జీప్’ భారత విపణిలోకి అధికారికంగా ప్రవేశించినది 2016లో. మరుసటి సంవత్సరం పుణె సమీపంలోని రంజన్‌గావ్‌లో తయారైన ‘కంపాస్’ విడుదలైంది. అప్పటికే ప్రతి ఊరికీ తెలిసిన మాటను ఒక సంస్థ తన ప్రత్యేక నామంగా పరిచయం చేసుకోవలసిన పరిస్థితి ఏర్పడింది.

7. రూపంపై హక్కు: వ్యాజ్యాలు

గ్రిల్‌పై తొలి ప్రముఖ వివాదం ‘హమ్మర్’ విషయంలో తలెత్తింది. దాని మూలసంస్థ ఏఎం జనరల్ కూడా ఒకప్పటి కైజర్ జీప్ సైనికవిభాగం నుంచి పుట్టినదే. హమ్మర్ కొత్త నమూనా గ్రిల్‌ను నిలిపివేయాలన్న డైమ్లర్‌క్రైస్లర్ విజ్ఞప్తిని 2002లో అప్పీళ్ల కోర్టు తోసిపుచ్చింది.

2018లో మహీంద్రా ‘రాక్సర్’ అనే వాహనాన్ని అమెరికాలో విడుదల చేసింది. రోడ్లపై కాక పొలాల్లో, అడవుల్లో వాడడానికి ఉద్దేశించిన ఆ వాహనం బిగింపు మిషిగన్ రాష్ట్రంలోని ఆబర్న్ హిల్స్‌లో జరిగింది. జీప్ యజమాని ప్రధాన కార్యాలయం ఉన్న పట్టణమూ అదే. ఆ యజమాని అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌ను ఆశ్రయించాడు. నమోదైన చిహ్నాల ఉల్లంఘన లేకపోయినా, పెట్టెవంటి బాడీ, చదునైన బానెట్ మొదలైనవి కలిసి ఏర్పరిచే సమగ్ర రూపం జీప్‌ను అనుకరిస్తోందని 2020 జూన్‌లో కమిషన్ నిర్ణయించింది. మార్పులు చేసిన రాక్సర్‌కు అదే ఏడాది డిసెంబరులో అనుమతి లభించింది. అయితే 2022లో అప్పీళ్ల కోర్టు, ఒకసారి ఉల్లంఘించిన సంస్థ మూలరూపానికి సురక్షితమైన దూరం పాటించాలన్న సూత్రాన్ని పరిగణించాలంటూ ఆ అంశాన్ని కింది కోర్టుకు తిప్పి పంపింది.

చట్టదృష్టిలో ఈ నిర్ణయాలకు తర్కం ఉంది. కొనుగోలుదారు పొరపాటు పడకుండా చూడడం వాణిజ్య చిహ్నాల చట్టం ధ్యేయం. చరిత్రలో ఎవరి శ్రమ ఎంత అని తూచడం దాని పని కాదు. చరిత్రదృష్టిలో మాత్రం ఒక వైరుధ్యం మిగులుతుంది. మూలరూపాన్ని అనుమతితో నేర్చుకుని, మూలసంస్థ వదిలేసిన తర్వాత కూడా దానిని అవిచ్ఛిన్నంగా తయారుచేసిన శాఖకే, ఆ రూపంతో మూలదేశంలో నిలబడే వీలు లేకపోయింది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ నిర్ధారణలు తేలుతున్నాయి:

1. జీప్ రూపం ఏ ఒక్క సంస్థ సృష్టీ కాదు. సైన్యం నిర్దేశం, బ్యాంటమ్ తొలి నమూనా, విల్లీస్ ఇంజను, ఫోర్డ్ తయారీనైపుణ్యం కలిసిన ఫలితం.

2. బ్రాండు కొనసాగింపునకు ఆధారం యంత్రం కాదు, యాజమాన్యమూ కాదు. గ్రిల్, హెడ్‌లైట్లు, పెట్టెవంటి ఆకృతి, పేరు అనే కొద్దిపాటి చిహ్నాలు మాత్రమే.

3. ఫోర్ వీల్ డ్రైవ్ పరిణామంలో నైపుణ్యం క్రమంగా నడిపేవారి నుంచి యంత్రానికి బదిలీ అయింది. మొరటుదనం అవసరం నుంచి అభిరుచిగా మారింది.

4. చట్టం పేరును, రూపాన్ని ఒకరికి అప్పగించగలదు. వాడుకను అప్పగించలేదు. తెలుగు ‘జీపు’ అందుకు సాక్ష్యం. బ్యాంటమ్ పేరు మరుగున పడినా, అది మొదలుపెట్టిన వాహనం ఎవరి అనుమతీ అవసరం లేని మాటగా మన భాషలో నిలిచి ఉంది.