ఎస్టేటు ఒకటే, అర్థాలు మూడు

ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగి నాలుగు దిక్కులా చూస్తే ‘ఎస్టేటు’ అనే మాట ఏదో ఒక బోర్డు మీద కనబడక మానదు. చదువు రానివారు కూడా వాడే ఈ ఇంగ్లీషు మాట పాత తెలుగు పత్రికల్లోనూ ఉంది. అయితే అప్పటి అర్థం వేరు.

స్వాతంత్ర్యానికి ముందు మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల వార్తల్లో ఎస్టేటు అంటే జమీందారీ. చల్లపల్లి ఎస్టేటు, బొబ్బిలి ఎస్టేటు అని రాసేవారు. రైతు అక్కడ శిస్తు కట్టేవాడే గాని యజమాని కాదు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. ‘ఎస్టేటు రద్దు’ అని పత్రికలో చదివిన రైతుకు ఇక పట్టా తన పేర వస్తుందని అర్థమయ్యేది.

నిజాం ఇలాకాలో ఆ మాట అంతగా నలగలేదు. ఇక్కడివి జాగీర్లు, సంస్థానాలు, నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫెఖాస్ గ్రామాలు. జాగీర్ల రద్దు ఉత్తర్వు 1949 ఆగస్టు 15న వెలువడింది. అందుచేత మన పల్లెలకు ఎస్టేటు అనే మాట దొర వెంట రాలేదు, ఫ్యాక్టరీ వెంట వచ్చింది.

సనత్‌నగర్‌లో వెలసినది ఇండస్ట్రియల్ ఎస్టేటు. అంటే ప్రభుత్వమే షెడ్లు కట్టి చిన్న పరిశ్రమలవారికి ఇవ్వడం. ఉప్పల్, నాచారంలలో ఏర్పడినవి ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ ఏరియాలు. ఇక్కడ రోడ్లు, నీళ్లు, కరెంటు సమకూర్చి స్థలం ఇస్తారు. షెడ్డు కట్టుకోవలసింది యజమానే. 1973లో ఏర్పడిన పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ రాష్ట్రమంతటా ఇటువంటివి పెంచింది. వార్తల్లో మాత్రం రెండింటికీ ‘పారిశ్రామికవాడ’ అన్న పేరే స్థిరపడింది. జనం నోట నేటికీ అది ‘ఐ.డి.ఎ.’యే. మొదటి ఎస్టేటు వార్త రైతుకు భూమి దక్కిందని చెబితే, ఈ రెండవది భూమి పోయి కూలి పని వచ్చిందని చెప్పింది.

మూడవది రియల్ ఎస్టేటు. ఇందులోని ‘రియల్’కు నిజమైనదని అర్థం కాదు. కోర్టు భాషలో అది స్థిరాస్తి. ఉప్పల్ పురపాలక సంఘం 2007లో మహానగరంలో కలిసింది. 2017లో నాగోలు నుంచి మెట్రో రైలు నడిచింది. పొలాన్ని ఎకరాల్లో చెప్పుకున్నచోట నేడు గజాల్లో చెప్పుకుంటున్నారు. ఈ ఎస్టేటులో భూమిని ఎవరూ రద్దు చేయరు, సేకరించరు. మనమే సంతకం పెట్టి ఇస్తాం, మనమే డబ్బు కట్టి కొంటాం.

కనుక వార్తకూ ప్రకటనకూ తేడా గమనించడం అవసరం. 2016 నాటి రియల్ ఎస్టేటు చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అనగా దాదాపు 600 గజాలు, మించిన లేఅవుటును ‘రెరా’లో నమోదు చేయించకుండా ప్లాట్లు అమ్మరాదు. ప్రకటనలో ఆ నమోదు నంబరు ఉండి తీరాలి. రంగుల కాగితం చేతికిచ్చినవారిని ముందు ఆ నంబరు అడగండి. అది లేకుంటే ఆ కాగితం మీద ఎస్టేటు అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా బయానా ఇవ్వకండి.