నాలుగు తీగలు... నలభై కోతలు!

"బ్యాండ్‌లో నువ్వేం వాయిస్తావ్ బాబూ?"
"బేస్ గిటార్ అంకుల్."
"ఓహో, రెండు తీగలు తక్కువుంటాయే... అదా?"

కాలేజీ రోజుల నుంచి ఈ డైలాగ్ వింటూనే ఉన్నా. మామూలు గిటార్‌కి ఆరు తీగలు, మాకు నాలుగు. ఫొటోల్లో లీడ్ గిటారిస్టు వెనక సగం భుజం కనిపిస్తుందే, అది మేమే. అందుకే మా బేసిస్టులకి ఓ అలవాటుంది. జనం మా మీద జోకులేసేలోపు మేమే వేసేసుకుంటాం.

మా వాళ్లందరికీ నోటికొచ్చిన జోక్ ఒకటుంది. ఓ టూరిస్టు అడవికెళ్తాడు. రాత్రీ పగలూ డప్పుల మోతే. "కాసేపు ఆపమనవయ్యా" అంటే గైడ్ వణికిపోతాడు. "వద్దు సార్, ఆగితే చాలా ప్రమాదం!" అంతలో డప్పులు నిజంగానే ఆగిపోతాయి. "ఇప్పుడేమవుతుంది?" అంటాడు టూరిస్టు. గైడ్ చెవులు మూసుకుని, "బేస్ సోలో మొదలవుతుంది సార్!"

ఇంకోటి. ఒకాయన కొడుకుని బేస్ క్లాసులో చేర్పిస్తాడు. మొదటి వారం మొదటి తీగ, రెండో వారం రెండో తీగ నేర్చుకుంటాడు. మూడో వారం పిల్లాడు క్లాసుకే వెళ్లడు. "ఏరా?" అంటే, "టైమ్ లేదు నాన్నా, ప్రోగ్రామ్ ఉంది!"

జోకులయ్యాక కోతలు మొదలవుతాయి. వాటికి దేవుడు అమెరికాలో మోటౌన్ పాటలకి వాయించిన జేమ్స్ జేమర్సన్. మార్విన్ గే పాడిన 'వాట్స్ గోయింగ్ ఆన్' 1971లో విడుదలైంది. ఆ రికార్డింగ్‌కి ఫుల్లుగా తాగొచ్చి, కూర్చోలేక, నేల మీద వెల్లకిలా పడుకునే వాయించాడట! తెగితే తప్ప తీగలు మార్చేవాడు కాదట. మురికిలోనే మజా ఉందని ఆయన సిద్ధాంతం. అది విన్నాక నేనూ రెండేళ్లు తీగలు మార్చలేదు. మజా రాలేదు, తుప్పు వచ్చింది.

జాకో పాస్టోరియస్‌ది ఇంకో లెవెల్. బేస్ మెడ మీదుండే లోహపు గీతలన్నీ వెన్న రాసే కత్తితో పీకేశాడని ఓ కథ. కొన్నప్పుడే అవి లేవని ఇంకో కథ. రెండూ ఆయన చెప్పినవే అంటారు!

నాకూ ఓ కోత ఉంది. "కాలేజీ ఫెస్ట్‌లో నా కేబుల్ ఊడిపోయింది. రెండు పాటలు ఉత్తుత్తినే వాయించా. ఒక్కడూ కనిపెట్టలేదు!" ఎక్కడ చెప్పినా నవ్వులే.

మొన్న మా డ్రమ్మర్ పెళ్లిలో మళ్లీ మొదలెట్టా. వాడు మధ్యలోనే ఆపేశాడు. "అబద్ధం మామా. రెండు పాటలు కాదు, అర నిమిషం. ముందు వరసలో ఎగురుతున్నోళ్లు ఆగిపోయారు. ఏమైందో వాళ్లకి తెలీలేదు. నాకు తెలిసింది. నీ వైపు చూశా, గుర్తులేదా?"

గుర్తుంది. కేబుల్ మళ్లీ పెట్టగానే వాళ్లంతా మళ్లీ ఎగరడమూ గుర్తుంది. కానీ 'నేను లేకపోయినా తేడా రాలేదు' అంటే నవ్వొస్తుంది. 'తేడా వచ్చింది' అంటే గొప్పలు పోతున్నాడనుకుంటారని ఇన్నాళ్లూ ఆ ముక్క మింగేశా.

ఇంతకీ మీరిది ఫోన్‌లోనే చదువుతున్నారుగా? మా లావు తీగ సెకనుకి దాదాపు 41 సార్లు ఊగుతుంది. అంత లోతు స్వరం ఫోన్ చిన్న స్పీకర్‌లో సరిగ్గా పలకదు. ఓసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, మీకిష్టమైన ఇళయరాజా పాట ఒకటి వినండి. గొంతు కింద ఎవరో నడుస్తున్నట్టు అనిపిస్తే... అది మావాడే!