ఉద్దెర ఖాతా తెలిస్తే ‘ఊప్స్’ సగం వచ్చినట్టే

ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేట్‌లో దిగే పాతబస్తీ పిల్లల బ్యాగుల్లో జిరాక్స్ నోట్స్ కనిపిస్తుంటాయి. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో జావాలో చేరినా, పైథాన్‌లో చేరినా కొన్ని వారాలకు ఒక చాప్టర్ వస్తుంది. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అన్నమాట. అందరూ పిలిచేది మాత్రం ‘ఊప్స్’ అనే. బీకాం చదివి ఇటు వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడే భయపడి ఆగిపోతారు.

నేనూ బీకామే. డిగ్రీ అయ్యాక జావా కోర్సులో చేరి, ఊప్స్ డెఫినిషన్లన్నీ బట్టీ పట్టాను. ఒక ఇంటర్వ్యూలో గడగడా అప్పజెప్పాను కూడా. అప్పుడు ఎదురుగా ఉన్నాయన ఒక్కటే అడిగాడు: ‘బ్యాలెన్స్‌ని ప్రైవేట్ ఎందుకు చేస్తాం?’ నోట మాట రాలేదు. ఉద్యోగం పోయింది. ఆ ప్రశ్నకు జవాబు తర్వాత దొరికింది, అదీ తలాబ్‌కట్టలో మా మామూ కిరాణా దుకాణంలో.

అక్కడికి వెళ్లేముందు లాడ్ బజార్ మీదుగా పోదాం. పుస్తకాల్లో క్లాస్ అంటే ‘జంతువు’, ఆబ్జెక్ట్ అంటే ‘కుక్క’ అని రాస్తారు. దానితో ఎవరికి ఏం అర్థమవుతుందో నాకైతే తెలియదు. లక్క గాజు తీసుకోండి. గాజుకు సైజు ఉండాలి, రంగు ఉండాలి, రాళ్లు ఎన్ని వరుసలో తేలాలి. ఈ వివరాల నమూనాయే క్లాస్. ఆ నమూనా ప్రకారం తయారైన రెండు-ఆరు సైజు ఎర్ర గాజు ఒక ఆబ్జెక్ట్. రెండు-నాలుగు సైజు పచ్చ గాజు ఇంకో ఆబ్జెక్ట్. నమూనా ఒక్కటే, గాజులు ఎన్నైనా చేసుకోవచ్చు. నమూనాను చేతికి తొడుక్కోలేం కదా! క్లాస్‌కీ ఆబ్జెక్ట్‌కీ తేడా ఏంటని అడిగితే ఈ మాట చెప్పండి చాలు.

అయితే గాజు తనంతట తాను ఏ పనీ చేయదు. ప్రోగ్రామ్‌లో ఆబ్జెక్ట్ పని కూడా చేస్తుంది. అందుకే ఇక ఖాతా పుస్తకం తెరవాలి.

మా మామూ దుకాణంలో ఉద్దెర పుస్తకం ఒక్కటే, రాసే చేతులు మూడు: మామూ, ఇద్దరు కొడుకులు. ఒక గిరాకీ బాకీ 1,800. అతను 500 కట్టాడు. పెద్దోడు 1,800 కొట్టేసి 1,300 అని రాశాడు. ఆ సంగతి తెలియక చిన్నోడు సాయంత్రం అదే 500 మళ్లీ తీసేసి 800 చేశాడు. నెలాఖరుకు లెక్క తేలలేదు, ఇంట్లో గొడవ. ‘ఎవరు పడితే వాళ్లు అంకె దిద్దితే ఎట్లా బేటా?’ అని మామూ తల పట్టుకున్నాడు. ప్రైవేట్ ఎందుకన్నదానికి జవాబు ఆ మాటలోనే ఉంది.

ఇప్పుడు ‘ఖాతా’ అని ఒక క్లాస్ రాద్దాం. అందులో దాచే సమాచారం: పేరు, బాకీ, ఎంట్రీల జాబితా. వీటిని అట్రిబ్యూట్లు అంటారు. అందులోనే రెండు పనులు పెడదాం: ‘ఉద్దెర ఇవ్వు’, ‘జమ చెయ్యి’. వీటిని మెథడ్లు అంటారు. బాకీని ప్రైవేట్ చేస్తాం. అంటే బయటి కోడ్ ఏదీ ఆ అంకెను నేరుగా మార్చలేదు. మార్చాలంటే ఈ రెండు మెథడ్ల ద్వారానే రావాలి. ‘జమ చెయ్యి’ ముందు రసీదు నంబర్ చూస్తుంది. ఆ నంబర్ ఇప్పటికే ఎక్కి ఉంటే ‘కుదరదు’ అంటుంది. లేకపోతే మొత్తం సున్నా కంటే ఎక్కువేనా అని చూసి, బాకీలోంచి తీసేసి, తేదీ రాసుకుంటుంది. దీని పేరే ఎన్‌క్యాప్సులేషన్. నా దృష్టిలో ఊప్స్‌లో ముందు నేర్చుకోవాల్సింది ఇదే.

లాభం ఇంకోటి ఉంది. రేపు మామూ ‘ఎవరికీ 5,000 దాటి ఉద్దెర లేదు’ అంటే, ‘ఉద్దెర ఇవ్వు’ అనే ఒక్క మెథడ్‌లో ఒక షరతు పెడితే అయిపోతుంది. అదే లెక్కలు చేసే కోడ్ పది చోట్ల చెల్లాచెదురుగా ఉంటే పది చోట్లా దిద్దాలి, ఒక చోట మరిచిపోతాం కూడా.

ఒక చిన్న జాగ్రత్త. జావాలో ప్రైవేట్ అని రాస్తే కంపైలర్ నిజంగానే అడ్డుకుంటుంది. పైథాన్‌లో పేరు ముందు ఒక అండర్‌స్కోర్ పెడతారు, అది ‘ముట్టుకోవద్దు’ అనే మర్యాద మాత్రమే, తాళం కాదు.

ఇన్‌హెరిటెన్స్ తేలిక. మామూ దగ్గర చిన్న హోటళ్లవాళ్లు హోల్‌సేల్‌గా కొంటారు. వాళ్లకు మామూలు ఖాతాలో ఉన్నవన్నీ కావాలి, పైగా జీఎస్టీ నంబర్, 30 రోజుల గడువు కావాలి. కొత్తగా అంతా రాయక్కర్లేదు. ‘హోల్‌సేల్ ఖాతా’ అనే క్లాస్ ‘ఖాతా’ నుంచి అన్నీ తీసుకుని ఈ రెండూ కలుపుకుంటుంది. కొత్తవాళ్లు దీన్ని అతిగా వాడేస్తారు. ‘హోల్‌సేల్ ఖాతా కూడా ఒక ఖాతాయే’ అనే మాట పొసుగుతుంది కాబట్టి సరే. ‘గిరాకీ కూడా ఒక ఖాతాయే’ అంటే పొసగదు. గిరాకీకి ఖాతా ఉంటుంది, అతనే ఖాతా కాదు. అక్కడ ఇన్‌హెరిటెన్స్ వద్దు. గిరాకీ అనే క్లాస్ లోపల ఖాతాను ఒక అట్రిబ్యూట్‌గా పెట్టాలి.

పాలిమార్ఫిజం పేరుకే పెద్దది. నెలాఖరున అన్ని ఖాతాలకూ ‘గుర్తు చెయ్యి’ అని ఒకే ఆజ్ఞ ఇస్తాం. మామూలు ఖాతా ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది, హోల్‌సేల్ ఖాతా పూర్తి స్టేట్‌మెంట్ పంపుతుంది. ఆజ్ఞ ఒకటే, ఎవరి పద్ధతి వాళ్లది. ఇక అబ్‌స్ట్రాక్షన్ అంటే లోపల ఎలా లెక్క కడుతుందో తెలియకుండానే ‘జమ చెయ్యి’ అనగలగడం.

ఇదంతా జావాతో మొదలైందనుకునేవాళ్లు ఉన్నారు. సన్ మైక్రోసిస్టమ్స్ జావాను విడుదల చేసింది 1995లో. క్లాస్, ఆబ్జెక్ట్ ఆలోచన 1960ల నాటి నార్వేది. ఓలే-జొహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ తయారుచేసిన సిములా అనే భాషలో ఇవి వచ్చాయి. ఇద్దరికీ 2001 ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు.

ప్రాక్టీస్‌కు లాప్‌టాప్ లేకపోయినా పర్వాలేదు, ఫోన్‌లో కూడా పైథాన్ నడుస్తుంది. మీ గల్లీ దుకాణం ఖాతానే క్లాస్‌గా రాయండి. రెండు ఆబ్జెక్ట్‌లు చేసి, ఒకదానిలో 500 జమ చేసి, రెండోదాని బాకీ మారలేదని చూసుకోండి. తర్వాత అదే రసీదు నంబర్‌తో ఆ 500 రెండోసారి జమ చేయండి, మా చిన్నోడు చేసినట్టే. మీ క్లాస్ ఒప్పుకుంటే, ‘జమ చెయ్యి’ మెథడ్ మళ్లీ తెరిచి చూడాలి.