చలికాలపు పొగ – మన ఊపిరితిత్తులు

డిసెంబరు, జనవరి నెలల్లో మా ఓ.పి.కి ఆయాసంతో వచ్చేవారు పెరుగుతారు. "చలి పడలేదు సిస్టర్" అంటారు. చలి ఒక్కటే కారణం కాదు. తెల్లవారుజామున నేలనంటిన గాలి చల్లబడి బరువెక్కుతుంది, దానిపై వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది. పొయ్యి పొగ, చెత్త పొగ, లారీల పొగ పైకి పోలేక మనం పీల్చే ఎత్తులోనే ఉండిపోతాయి.

ఆ పొగలో 2.5 మైక్రాన్లకన్నా సన్నని నలుసులుంటాయి. వెంట్రుక మందంలో సుమారు 30వ వంతు! అవి ముక్కులో ఆగవు. ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి, కొన్ని రక్తంలోనూ కలుస్తాయి. అందుకే ఆయాసంతోపాటు గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా పెరుగుతుంది. ఏనాడూ చుట్ట ముట్టని తల్లులకు సి.ఓ.పి.డి. రావడానికి ఒక ముఖ్య కారణం కట్టెల పొయ్యే. చంకలోని పసిబిడ్డ కూడా అదే పొగ పీలుస్తుంది. గ్యాస్ ఉన్న ఇళ్లలోనూ స్నానానికి నీళ్లు కట్టెలతోనే కాస్తుంటారు. ఆ పొయ్యిని కిటికీకి దూరంగా, ఆరుబయట పెట్టండి.

భోగి మంటలో టైర్లు వేయనివ్వకండి. ఉబ్బసం ఉన్నవారు మంచు విడిచాకే నడకకు వెళ్లండి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న మాట నమ్మి మానేయకండి. బిడ్డ డొక్కలెగరేస్తున్నా, పాలు తాగకపోయినా, తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే తీసుకురండి.